రెండు బూజులు, ఒకే చీపురు

ప్రతి సంవత్సరం డిసెంబరు మొదటి వారం దాటిందంటే మా క్యాజువాలిటీకి ఆయాసంతో వచ్చే స్త్రీల సంఖ్య పెరుగుతుంది. ఆక్సిజన్ పెట్టడానికి దగ్గరికి వెళితే చాలామంది జుట్టులో బూజు పోగులు, గోళ్ళ సందుల్లో సున్నం కనిపిస్తాయి. కారణం అడిగితే "చలి సిస్టర్" అంటారు. చలి కూడా కొంత కారణమే, కాదనను. కానీ రెండో ప్రశ్నగా "ఏమ్మా, ఇల్లు దులిపారా?" అని అడిగితే "పండగ కదండీ, నిన్ననే మొత్తం దులిపాం" అని ఆయాసపడుతూనే కాస్త గర్వంగా చెబుతారు. క్రిస్మస్‌కు మన కుటుంబాలు, దసరాకూ సంక్రాంతికీ మన పొరుగువారు, రంజాన్‌కు ముస్లిం సోదరీమణులు అందరూ ఇదే వరుస. ఏడాది పాటు పేరుకున్న దుమ్మును ఒకే రోజు, తలుపులు వేసిన గదిలో, పొడి చీపురుతో, అదీ ఉబ్బసం ఉన్న మనిషే దులుపుతుంది.

నేను చెప్పబోయేది కొంచెం కటువుగా అనిపించవచ్చు. మనం ఇల్లు శుభ్రం చేసే పద్ధతిలో సగం వంతు దుమ్మును ఇంటి నుండి బయటికి పంపడం లేదు. నేల మీద ఊరికే పడివున్న దానిని లేపి మన ఊపిరితిత్తుల్లోకి పంపుతోంది.

ఈ మాట నేను కనిపెట్టింది కాదు. 1980ల చివర్లో నేను నర్సింగ్ స్కూలులో చేరినప్పుడు మొదటి సంవత్సరం మాకు సూది మందు ముట్టుకోనివ్వలేదు. ఉదయం డ్యూటీకి రాగానే చేతికి ఒక బేసిను, ఒక గుడ్డ ఇచ్చేవారు. లాకర్లు, మంచం కమ్మీలు, కిటికీ గడపలు తడిగుడ్డతో తుడవాలి. దాన్ని డ్యాంప్ డస్టింగ్ అనేవారు. గుడ్డ పొడిగా ఉంటే సిస్టర్ ట్యూటర్ గారు మళ్ళీ మొదటి మంచం నుండి మొదలుపెట్టించేవారు. డ్రెస్సింగులు మొదలయ్యే ముందు వార్డులో చీపురు కదపకూడదు, దుప్పట్లు విదిలించకూడదు. లేచిన దుమ్ముతోపాటు సూక్ష్మక్రిములు కూడా లేచి పుండ్ల మీద వాలతాయని మాకు కారణం చెప్పేవారు. అప్పట్లో మాకు అది పనిష్మెంటులా ఉండేది. ఈనాటికీ ఏ మంచి ఆసుపత్రిలోనూ వార్డును పొడి చీపురుతో ఊడవరు. మీరు రోగిగా మా వార్డులో ఉన్నన్నాళ్ళు తడిగుడ్డ, ఇంటికి వెళ్ళిన రోజు నుండి పొడి చీపురు. ఇది ఎలా సరి అవుతుంది?

ఇంతా తెలిసిన నేనే తప్పు చేశాను. 1997 డిసెంబరులో మా క్వార్టర్స్‌లో జరిగింది. మా అత్తయ్య గారికి చాలా ఏళ్ళుగా ఉబ్బసం. పండుగకు మా దగ్గరికి వచ్చారు. నాకు ఆ రోజు వీక్లీ ఆఫ్. పొడుగు కర్రకు చీపురు కట్టి అటక మొత్తం దులిపాను. పాత పేపర్ల కట్టలు, గోనెసంచులు, వాడని పరుపు ఒకటి కిందికి దించాను. దుమ్ము పక్కింట్లోకి పోతుందని కిటికీలు కూడా మూసేశాను! అత్తయ్య గారు ఊరుకోలేక కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కింద కూర్చుని ఆ పేపర్లు సర్దారు. రాత్రి పదకొండు గంటలకు ఆమె పెదవులు నీలం తిరిగాయి. మాట రాలేదు. మా వారు, నేను ఇద్దరం మంచంతో సహా క్యాజువాలిటీకి మోసుకువచ్చాం. ఆక్సిజన్, డెరిఫిల్లిన్, డ్రిప్పు అన్నీ పెట్టి తెల్లవారేవరకు డాక్టరు గారు కదలలేదు. కొంచెం తేరుకున్నాక ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "సిస్టర్, ఈ రోజు ఇంట్లో ఏం చేశారు?" నా జూనియర్లు వింటుండగా నేను సమాధానం చెప్పవలసి వచ్చింది.

ఇంటి దుమ్ము అంటే రోడ్డు మట్టి ఒక్కటే అనుకుంటాం. అందులో మన ఒంటి నుండి రాలిన చర్మపు పొలుసులు, దూది పోగులు, బొద్దింకల రెట్టలు, బూజు బీజాలు అన్నీ ఉంటాయి. ఆ చర్మపు పొలుసులు తిని బతికే పురుగులు కూడా ఉంటాయి. వీటిని డస్ట్ మైట్స్ అంటారు. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి మన కంటికి ఆనవు. అవి కరవవు. వాటి రెట్టలే చాలామందిలో తుమ్ములకు, ముక్కు దిబ్బడకు, పిల్లికూతలకు కారణం. అవి ఎక్కువగా ఉండే చోటు అటక కాదు, మీరు రోజూ తల పెట్టుకుని పడుకునే దిండు, పరుపు, బొంత. గాలిలో తేమ 50 శాతం కంటే తక్కువ ఉంటే అవి ఎక్కువ కాలం బతకలేవు. మన కోస్తా జిల్లాల గాలి అంత పొడిగా ఉండేది చాలా తక్కువ రోజులు. అందుకే ఇక్కడ పండుగకు ఒకసారి దులిపితే సరిపోదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికి ఒకసారి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో, అంటే సుమారు 60 డిగ్రీల వేడిలో ఉతికితే ఈ పురుగులు చస్తాయి. పూర్వం చాకిరేవులో దుప్పట్లను బానలో ఉడకబెట్టి ఉతికేవారు. ఆ పని విలువ మనకు ఇప్పుడు అర్థమవుతోంది. దిండ్లు, పరుపులు ఎండలో వేయండి. మంచి ఎండలో ఆరితే తేమ పోతుంది. తరువాత బయటే కొట్టి దులపాలి, కొట్టేది ఆయాసం లేనివారై ఉండాలి.

ఇక బూజు సంగతి. మన భాషలో ఒకే మాట రెండింటికీ వాడతాం. మూలల్లో సాలీడు అల్లేదీ బూజే, పచ్చడి మీద, తడి గోడ మీద పెరిగేదీ బూజే. మాట ఒకటే కావడం వల్ల ఏమో, రెండింటికీ ఒకే చికిత్స చేస్తున్నాం: చీపురు పట్టి దులపడం. సాలెగూడు చచ్చిన పోగు. దులిపితే వస్తుంది, పోతుంది. గోడ మీది నల్లటి, పచ్చటి బూజు అలాంటిది కాదు, అది ప్రాణమున్న శిలీంధ్రం. పొడి చీపురుతో గీకితే కంటికి కనబడని బీజాలు గది నిండా పరుచుకుంటాయి. ఒక మూలలో ఉన్నదాన్ని నాలుగు మూలలకూ విత్తినట్టే. చచ్చిన బూజు కూడా ఎలర్జీ చేస్తుంది కనుక మందు కొట్టి అక్కడే వదిలేయడం కూడా చాలదు, తుడిచి తీసేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ బూజుకు నీళ్ళు ఎక్కడి నుండి వస్తున్నాయో కనిపెట్టడం. నీరు లేకుండా బూజు పెరగదు. కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఆటో నడిపే అతని భార్య నెలకు రెండుసార్లు మా దగ్గర నెబ్యులైజర్ పెట్టించుకునేది. చంటి బిడ్డకు కూడా నిమ్ము చేసిందని తీసుకువచ్చేది. ఇల్లు అద్దంలా ఉంచుతానని చెప్పేది. మా కమ్యూనిటీ సిస్టర్లతోపాటు నేనూ ఒకసారి వెళ్ళి చూశాను. నిజంగానే అద్దంలా ఉంది. గిన్నెలు తళతళలాడుతున్నాయి. కానీ గడపలో అడుగు పెట్టగానే ముక్కిన వాసన వచ్చింది. గోడకు ఆనించి ఉన్న బీరువాను ఇద్దరం పట్టి జరిపితే వెనుక గోడ నిలువెత్తున నల్లగా ఉంది. ఆ గోడకు అవతల పక్క స్నానాల గది, పైన ట్యాంకు నుండి కారే పైపు. బీరువాకు ఈ పక్కనే బిడ్డ ఉయ్యాల. మూడు సంవత్సరాల్లో మూడుసార్లు దాని మీద రంగు వేశారట. ప్రతిసారీ వానాకాలంలో రంగు పొక్కి రాలింది. గోడకు నిమ్ము చేసింది కాబట్టే బిడ్డకూ నిమ్ము చేస్తోందని ఆ తల్లికి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "అద్దె ఇల్లు సిస్టర్, ఓనరు పైపు బాగుచేయడు" అంది.

అద్దె ఇళ్ళలో ఇదే పెద్ద సమస్య. ఇంజెక్షన్లకు, ఆటో చార్జీలకు, పోయిన కూలికి అయ్యే డబ్బు లెక్క వేస్తే పైపుకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఇంటి యజమాని చేయకపోతే ఆ ఖర్చు పెట్టి అద్దెలో తగ్గించుకోమని నేను చెప్పాను. అతను అలాగే చేశాడు. యజమాని రెండు నెలలు అలిగాడు. ఉయ్యాల ఎదుటి గదిలోకి మార్చారు. ఆమెకు ఆయాసం పూర్తిగా పోలేదు. రావడం మాత్రం తగ్గింది. మన సంఘంలో ఇళ్ళు అద్దెకు ఇచ్చేవారు కూడా ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. వారికి నా మనవి: రంగు వేయించే ముందు ప్లంబరును పిలవండి.

తుపానులు, వరదల తరువాత ఇది మరీ ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. క్రిస్మస్‌కు ఇరవై రోజులే ఉంది. పండుగ అనే తొందరలో తడి ఆరని గోడల మీద రంగులు వేయించినవారు ఉన్నారు. ప్లాస్టిక్ రంగు, ఆయిల్ పెయింటు వేస్తే గోడలోని తడి బయటికి రాలేదు. లోపలే ఉండి రంగును పొక్కించి బూజు పెంచుతుంది. నానిన ఇటుక గోడ ఆరడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్ళు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అలా నానిన పరుపులు, దిండ్లు, దూది బొంతలు ఎండబెట్టి మళ్ళీ వాడుకోవాలని చూడకండి. మనసొప్పదు, నిజమే. కానీ లోపల పట్టిన బూజు ఎండకు పోదు. వస్తువు ఏదైనా తడిసిన ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతే బూజు పట్టదు, ఆ గడువు దాటితే పడుతుంది. మన పాత సున్నం సంగతి చాలామంది మరిచిపోయారు. సున్నానికి క్షార గుణం ఉంది కనుక దాని మీద బూజు త్వరగా పెరగదు, గోడలోని తేమను కూడా బయటికి వెళ్ళనిస్తుంది. చవక అని చిన్నచూపు చూడనక్కరలేదు.

గోడ మీద చిన్న జాగాలో బూజు ఉంటే ఇలా తుడవండి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోండి. కోవిడ్ రోజుల్లో కొన్న ఎన్95 మాస్కు వాడనిది ఇంట్లో ఉంటే అది మంచిది. చీర కొంగుకు సన్నటి దుమ్ము ఆగదు. చేతులకు గ్లౌజులు. కిటికీలు తీయండి, ఫ్యాను ఆపండి. బూజును ముందు సబ్బునీళ్ళతో తడిపి, తడిగుడ్డతో రుద్ది తుడిచి, ఆ గుడ్డ పారేయండి. తరువాత ఆ చోటు పూర్తిగా ఆరాలి. సబ్బు, నీళ్ళు చాలు. బ్లీచింగ్ లేనిదే పని జరగదనుకోవద్దు. ఒకవేళ వాడితే బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. తలుపు వేసుకుని బాత్‌రూము కడుగుతూ ఆ గ్యాసుకు పడిపోయినవారిని మేము చూశాము. గోడ సగానికి పైగా నల్లబడితే అది చీపురుకు, గుడ్డకు అయ్యే పని కాదు, మేస్త్రీని పిలవాలి.

ముక్కిన వాసన పోవడానికి కొందరు సాంబ్రాణి వేస్తారు. వాసన మారుతుంది, బూజు ఉన్నచోటే ఉంటుంది, పైగా పొగ చేరుతుంది. పొగ మాట వచ్చింది కనుక ఇది కూడా చెబుతాను. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒక దోమల కాయిల్ నుండి వచ్చే సన్నటి పొగ కణాలు 75 నుండి 137 సిగరెట్ల నుండి వచ్చేవాటితో సమానమని లెక్క తేలింది. ఉబ్బసం ఉన్న ఇంట్లో దోమతెరే మంచిది.

2021లో కరోనా రెండో విడత తరువాత ఎంతోమంది "సిస్టర్, మా గోడ మీద ఉన్నది బ్లాక్ ఫంగసేనా?" అని భయపడి అడిగారు. కాదు. అప్పుడు వచ్చిన మ్యూకర్‌మైకోసిస్ వేరే శిలీంధ్రం. అది పట్టిన చోట కండ చచ్చి నల్లబడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి అది సోకింది. గోడ మీది బూజు చేసే హాని వేరు, నెమ్మదిగా చేసేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజుల మీద ఒక మార్గదర్శక పుస్తకం తెచ్చింది. చెమ్మ ఇళ్ళలో ఉండేవారికి దగ్గు, శ్వాసకోశ వ్యాధులు, ఉబ్బసం ఎక్కువ అవుతాయని అందులో ఉంది. ఇంతవరకు బూజు ఉంటే ఫరవాలేదు అనే కొలత మాత్రం ఇవ్వలేదు. చెమ్మే లేకుండా చూసుకోమన్నారు.

మన పెద్దలు వాకిలి ఊడ్చేముందు నీళ్ళు చిలకరించేవారు. దుమ్ము లేవకుండా ఊడవడం మనకు ఎప్పుడో తెలుసు. ఇంట్లోకి వచ్చేసరికి ఎందుకు మరిచామో తెలియదు. బండలు, టైల్స్ ఉన్న ఇంట్లో రోజూ తడిగుడ్డ పెట్టడానికి పావుగంట చాలు. ఫ్యాను రెక్కలకు పాత దిండు గలీబు తొడిగి, తడిపి లాగితే దుమ్మంతా దానిలోనే పడుతుంది. బీరువాకు, గోడకు మధ్య జానెడు ఖాళీ వదలండి. కూలరు వాడేవారు వేసవి అయిపోయాక నీళ్ళు తీసి ఆరబెట్టండి, పాత గడ్డి మార్చకుండా మరుసటి సంవత్సరం వేయకండి. ఏసీ జాలీ కడగండి.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఆయాసం ఉన్నది ఎవరికో, చీపురు పట్టేది కూడా వారే. భార్యకు పిల్లికూతలు వస్తున్నాయని ఆసుపత్రికి తీసుకువచ్చి, బయట బెంచీ మీద కూర్చుని నిజంగా కంగారుపడే భర్తలను ఎంతోమందిని చూశాను. వారిని ఒక్క మాట అడుగుతాను: ఈ దులపడం మీరు ఎందుకు చేయకూడదు? పై మూలలు మీకే అందుతాయి కూడా. కోడళ్ళకు, అత్తలకు మధ్య పంచవలసిన పనిగా దీన్ని చూడకండి. ఉబ్బసం ఉన్నవారు, చంటిపిల్లలు ఆ పూట పక్కింట్లోనో బంధువుల ఇంట్లోనో ఉండాలి. పని అయిన తరువాత కూడా రెండు మూడు గంటలు ఆ గదిలోకి రాకూడదు, ఎందుకంటే బాగా సన్నటి దుమ్ము గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. 1997 తరువాత మా ఇంట్లో అటక పని మా వారిదే. మొదట్లో తడిగుడ్డ పిండడం కూడా రాలేదు. నేర్చుకున్నారు.

సంఘ పెద్దలు కోప్పడకపోతే మన గుడి గురించి కూడా ఒక మాట. ఆదివారం ఆరాధనకు పావుగంట ముందు జంబుఖానాలు విదిలించి పరుస్తున్నారు, మొదటి వరుసలో నేల మీద సండే స్కూలు పిల్లలు కూర్చుంటారు. మొదటి పాట అయ్యేలోపు ఎంతమంది పిల్లలు తుమ్ముతారో లెక్కపెట్టి చూడండి. ఆ పని శనివారం ఉదయం ఎండలో, గుడి బయట చేయిస్తే సరిపోతుంది.

శుభ్రం చేశాం కదా అని ఇన్‌హేలరు మానకండి. పరుపుకు ప్రత్యేకమైన కవరు ఒక్కటి తొడిగితే ఉబ్బసం తగ్గిపోతుందని అమ్మేవారు చెబుతారు. అది ఒక్కటే వేసినందువల్ల మేలు కలిగినట్టు పరిశోధనల్లో తేలలేదు. ఇన్‌హేలరు అలవాటు పడిపోతుందనే భయం అనవసరం. అలాగే ప్రతి దగ్గునూ దుమ్ము మీదికి తోసేయకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. "డస్ట్ ఎలర్జీ" అని తమకు తామే పేరు పెట్టుకుని నెలల తరబడి మందుల షాపు బిళ్ళలతో గడిపి, చివరికి టీబీ అని తేలినవారు మా వార్డులో ఉన్నారు.

ఈసారి ఓపీకి వచ్చేముందు ఇంట్లో బీరువా, మంచం జరిపి వెనుక గోడను, స్నానాల గది పైకప్పును మీ ఫోనులో ఫొటో తీసుకురండి. నెబ్యులైజర్ గదిలో ఉన్న సిస్టరుకు చూపించండి. నేను రౌండ్స్‌కు వచ్చినప్పుడు నేనూ చూస్తాను. ఇంట్లో ఎవరు ఊడుస్తారని కూడా అడుగుతాను. భర్తలు తోడుగా వస్తే మరీ మంచిది.